పొత్తు కుదిరిన ఆట

రెండు మూడు తరహాలు కలిపి చేసిన పనిని అంచనా వేయాలంటే, ఏ తరహా ఎంత బాగుందని విడివిడిగా మార్కులు వేసుకుంటూ పోతే లాభం లేదు. ఒకటి ఇంకొకదాన్ని ఏం చేస్తోందో చూడాలి. 1957 నాటి ‘మాయాబజార్’నే తీసుకోండి. అందులో పౌరాణికం ఉంది, ప్రేమకథ ఉంది, పొట్ట చెక్కలయ్యే హాస్యం ఉంది. ఈ మూడూ తలో మూలా కూర్చుని ఉంటే ఆ సినిమాను ఇన్నేళ్లు గుర్తుపెట్టుకునేవాళ్లం కాదు. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారాడు. సావిత్రి ముఖంలో ఎస్వీ రంగారావు దర్పం తొంగిచూసింది. ఆ ఒక్క ఏర్పాటుతో పురాణంలోని మాయ హాస్యానికి కారణమైంది, ఆ హాస్యం ప్రేమకథను గట్టెక్కించింది. ఏ ఒక్కటి తీసేసినా మిగతా రెండూ నిలబడవు. పొత్తు కుదరడమంటే అదీ.

వీడియో గేముల్లో ఈ పరీక్ష ఇంకా గట్టిది. సినిమాలో పొత్తు కుదరకపోయినా, టికెట్టు కొన్నాం కదా అని చివరిదాకా కూర్చుంటాం. ఆటలో కుదరకపోతే చేయి ఒప్పుకోదు. అందుకే ఇలాంటి ఆటల విషయంలో తొలి అభిప్రాయానికి చాలా విలువ ఉందని నేను నమ్ముతాను. తొలి గంటల్లో కథ ఎటు పోతుందో తెలియదు, ఆఖరి యుద్ధం ఎలా ఉంటుందో తెలియదు. రెండు తరహాలూ కలిసిన చోటు మాత్రం అప్పుడే చేతికి తగులుతుంది. ఆట అలవాటయ్యాక ఆ చోటు ఇక పట్టుబడదు. వంట మొదలుపెట్టిన కొత్తలో ఉప్పు ఎంత వేశామో ప్రతిసారీ చూసుకుంటాం, చేయి తిరిగాక చూడం కదా, అలాగన్నమాట.

నాచేత ఈ ఆలోచనంతా చేయించిన ఆట మన ఊళ్లోనే పుట్టింది. హైదరాబాద్‌లోని ఓగర్‌హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ తయారుచేసి 2017లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో విడుదల చేసిన ‘అసుర’. ఆ స్టూడియో స్థాపకుడు జైనుద్దీన్ ఫహద్. ఆటగాళ్లు హాక్ అండ్ స్లాష్ అని పిలుచుకునే కత్తియుద్ధం ఇందులో ఒక పాలు. రోగ్‌లైక్ అని పిలుచుకునే తరహా రెండో పాలు. మన పురాణాల వాతావరణం ఈ రెండింటికీ ఇల్లు. వచ్చి ఏళ్లవుతున్నా నా చేతికి ఇది కొత్త ఆటే.

మాది ఎర్రమంజిల్. ఇక్కడ మెట్రో ఎక్కితే పంజాగుట్ట, అది దాటితే అమీర్‌పేట. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపుల్లో కట్టలు కట్టి అమ్మే కోర్సు మెటీరియల్: అమీర్‌పేటను తెలుగువాళ్లకు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. ఒకప్పుడు అక్కడి బోర్డుల మీద జావా, ఒరాకిల్, డాట్‌నెట్ కనిపించేవి. ఇప్పుడు డేటా సైన్స్, క్లౌడ్ పక్కన యానిమేషన్, గేమ్ డిజైన్, యూనిటీ, అన్‌రియల్ ఇంజిన్ అనే మాటలు కూడా చేరాయి. మా తమ్ముడి కొడుకు కరీంనగర్ నుంచి వచ్చి అలాంటి కోర్సొకటి చదువుతున్నాడు. హాస్టల్లో ఉంటాడు, ఆదివారం భోజనానికి మా ఇంటికి వస్తాడు. ‘అసుర’ను ల్యాప్‌టాప్‌లో పెట్టి, కంట్రోలర్ నా చేతికిచ్చింది వాడే.

నేను పూర్తిగా ఆటలు తెలియనిదాన్ని కాను. తొంభైల్లో పెరిగిన పిల్లలం మేమంతా టీవీకి తగిలించే వీడియో గేము మీద ‘కాంట్రా’ ఆడినవాళ్లమే. ఆ ఆటలో శత్రువు ప్రతిసారీ ఒకే చోటు నుంచి వచ్చేవాడు. జలపాతం ఎక్కే ఘట్టంలో ఏ బండ మీద ఆగాలో, ఎక్కడ దూకాలో అక్కాచెల్లెళ్లం నోటికి చెప్పుకునేవాళ్లం. పద్యం కంఠతా పట్టినట్టే ఆటనూ పట్టాం. మొదటి అక్షరం అందితే చాలు, మిగతాది దానంతట అదే వచ్చేది. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. కంఠస్థం చేయడంలో ఒక నిశ్చింత ఉంది. ‘అసుర’ మొదటి నిమిషాల్లో నా చేతులు వెతుక్కున్నది ఆ నిశ్చింతనే. అది అక్కడ లేదు.

ముందుగా కత్తి సంగతి చెప్పాలి. ఈ ఆటలో మనం పైనుంచి చూస్తుంటాం. కింద మన అసురుడు, చుట్టూ మీదికి వచ్చేవాళ్లు. బటన్ నొక్కితే కత్తి తిరుగుతుంది. చూడ్డానికి ఇంతే. కానీ ఇలాంటి ఆటల్లో ప్రతి దెబ్బా మూడు భాగాలుగా ఉంటుంది. దెబ్బకు సిద్ధమవడం, దెబ్బ తగలడం, మళ్లీ నిలదొక్కుకోవడం. సెకనుకు 60 బొమ్మలు మారే తెర మీద ఒక్కో బొమ్మ నిలిచేది సెకనులో అరవయ్యో వంతు. శత్రువు సిద్ధమయ్యే భాగం పది బొమ్మలదైతే తప్పుకోవడం దాదాపు అసాధ్యం, ముప్పై బొమ్మలదైతే అర సెకను దొరుకుతుంది, మనిషి కన్ను చూసి, మనసు గ్రహించి, వేలు కదలడానికి అది చాలు. కత్తి తగిలిన క్షణంలో ఆటను రెండు మూడు బొమ్మలసేపు బిగబట్టి ఆపే పద్ధతి కూడా ఒకటుంది. ఆ ఆపడం మనకు కనిపించదు, దెబ్బ బరువుగా తగిలినట్టు మాత్రం అనిపిస్తుంది. యాక్షన్ ఆటలు చేసేవాళ్లు నెలల తరబడి సరిదిద్దేది ఈ లెక్కల్నే.

నా భుజం వెనక కుర్చీ వేసుకుని కూర్చున్న మేనల్లుడు ఇదంతా ఒక్క మాటలో చెప్పేశాడు.

“అత్తమ్మా, నువ్వు కత్తిని చూస్తున్నవ్. కత్తిని చూడకు, వాని భుజం చూడు. భుజం లేస్తది, గప్పుడు జరుగు.”

చూశాను. నిజంగానే ఎదుటివాడి దేహం ముందుగా వెనక్కి వంగుతోంది. ఆ వంపు కనిపించగానే పక్కకు తప్పుకుని, వాడు నిలదొక్కుకునే లోపల మన దెబ్బ వేయాలి. ఆ లయ దొరికిన తర్వాత బటన్లు నొక్కుతున్నట్టు ఉండదు. ఒకడు ఎదురుగా ఉన్నప్పుడు ఈ లయ తేలిక. ముగ్గురు మూడు పక్కల నుంచి వచ్చినప్పుడు ఒకడి భుజం చూస్తూనే ఇంకొకడి అడుగు లెక్కపెట్టుకోవాలి. యాక్షన్ తరహా మనిషికిచ్చేది ఇదే: చేతికి జ్ఞాపకం. ఒకసారి పట్టుబడిన లయ మర్నాడు కూడా మనదే.

రోగ్‌లైక్ తరహా స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. అది ఇచ్చినట్టే ఇచ్చి తీసుకుంటుంది. ఈ తరహాకు పేరు 1980 ప్రాంతంలో పుట్టిన ‘రోగ్’ అనే ఆట నుంచి వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రూజ్ ప్రాంగణంలో చదువుకుంటున్న మైఖేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ దాన్ని మొదలుపెట్టారు. బొమ్మలు లేవు, తెర మీద అక్షరాలే. ఈమెయిల్ అడ్రసులో వాడే ‘ఎట్’ గుర్తు ఆటగాడు, ఇంగ్లీషు పెద్ద బడి అక్షరాలు రాక్షసులు. వాళ్లు కోరుకున్నది ఒకటే, తాము రాసిన ఆట తమకే కొత్తగా ఉండాలి. అందుకని సొరంగాలూ గదులూ ముందుగా గీసిపెట్టకుండా, ప్రతిసారీ కంప్యూటరే కొత్తగా వేసేలా రాశారు. దానికి తోడు ఒక కఠిన నియమం పెట్టారు. చచ్చిపోతే ఆట మొత్తం మళ్లీ మొదటికి. దాచుకున్నదేదీ మిగలదు.

ఈ రెండో తరహాలో చేతివేగానికి చోటు లేదు. ‘రోగ్’లో మనం ఒక అడుగు వేస్తే రాక్షసుడు ఒక అడుగు వేస్తాడు. చదరంగంలా ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. కాబట్టి యాక్షన్‌నీ దీన్నీ కలపాలంటే ఎవరో ఒకరు గడియారాన్ని నడిపించాలి. ఆ పని జరిగిన సందర్భం ఒకటి ఆటల చరిత్రలో బాగా ప్రసిద్ధం. ‘డయాబ్లో’ను తయారుచేస్తున్న డేవిడ్ బ్రెవిక్ మొదట దాన్ని అడుగుకు అడుగు పద్ధతిలోనే రాశాడు. ఆలోచించుకునే వీలు పోతే ఆట ప్రాణం పోతుందని ఆయన భయం. మిగతా వాళ్లంతా ఆట ఆగకుండా నడవాలన్నారు. సరే చూద్దామని కొన్ని గంటలు కూర్చుని మార్చాడు. తెర మీద ఒక అస్థిపంజరం మీద క్లిక్ చేశాడు. యోధుడు నడుచుకుంటూ వెళ్లి దాన్ని ఒక్క దెబ్బతో ముక్కలు చేశాడు. అది చూసిన క్షణంలోనే తన ఆట ఏమిటో తనకు తెలిసిందని బ్రెవిక్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. 1996 చివరి రోజుల్లో ఆ ఆట జనంలోకి వచ్చింది. పైనుంచి చూస్తూ కత్తి తిప్పే ఆటలన్నిటి మీదా దాని నీడ ఉంది, ‘అసుర’ మీద కూడా.

తర్వాత ఈ కలయిక చాలా దారులు తొక్కింది. 2008లో డెరెక్ యూ ‘స్పెలంకీ’లో గెంతుతూ దూకుతూ పోయే ఆటకు రోగ్‌లైక్ నియమాలు కలిపాడు. 2011లో ‘ద బైండింగ్ ఆఫ్ ఐజాక్’ తుపాకీ ఆటల వేగాన్ని కలిపింది. ఇవన్నీ చిన్న బృందాల పనులే, అందుకు గట్టి కారణమే ఉంది. వంద ఘట్టాలు చేత్తో గీయాలంటే వందలమంది కావాలి. ఘట్టాలను కంప్యూటరే కొత్తగా అల్లేలా నియమాలు రాయడానికి కొద్దిమంది చాలు, కాకపోతే వాళ్ల బుర్రకు పదును ఉండాలి. హైదరాబాద్‌లో పెద్ద పెట్టుబడి లేకుండా ఆట చేయాలనుకున్న యువకులు ఈ తరహాను ఎంచుకోవడం నాకు చాలా తెలివైన పనిగా తోస్తుంది. ఇంట్లో ఉన్న సరుకుకు తగిన వంటే ఎంచుకున్నారు, దాన్ని మనసుపెట్టి చేశారు.

ఇక అసలు పొత్తు ఎక్కడ కుదిరిందో చెప్పాలి. ‘అసుర’లో అది స్కిల్ ట్రీ దగ్గర కుదిరింది. చాలా ఆటల్లో ఈ చెట్టు ఉంటుంది. శత్రువులను కొట్టి సంపాదించిన బలంతో ఒక్కో కొమ్మ పట్టుకుని పైకి వెళ్తాం. ఈ కొమ్మ పట్టుకుంటే దెబ్బ పదునెక్కుతుంది, ఆ కొమ్మ పట్టుకుంటే ప్రాణం నిలుస్తుంది. మామూలుగా ఆ చెట్టు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి, రెండు మూడు సార్లు ఆడాక మంచి దారేదో తెలిసిపోతుంది. ఇక ఎప్పుడూ ఆ దారినే పోతాం. ‘అసుర’ చేసినవాళ్లు గదులతో పాటు ఆ చెట్టును కూడా ప్రతిసారీ కొత్తగా మొలిపించారు. నిన్న మీకు దక్కిన శక్తి ఇవాళ అదే చోట ఉండదు. మీ దగ్గర ఉన్న కత్తితో ఎలా పోరాడాలన్నదే ప్రతిసారీ కొత్త ప్రశ్న.

దీని ఫలితం చేతి మీద ఎలా ఉందో గమనించాను. ఒకసారి దూరం నుంచి దెబ్బతీసే శక్తి వచ్చింది. అప్పుడు గది మూలకు చేరి, అందరినీ ఒక వరుసలోకి రప్పించుకుని ఆడాలి. ఇంకోసారి అది రాలేదు. దగ్గరికి పోయి కొట్టక తప్పలేదు. మొదటిసారి మూల నాకు రక్షణ, రెండోసారి అదే మూల ఉరితాడు. అప్పటికి నేర్చుకున్న లయ పోలేదు, భుజం చూసి తప్పుకోవడం నాకు వచ్చు. ఆ లయను ఎక్కడ నిలబడి వాడాలన్నది మాత్రం మారిపోయింది. అంటే యాక్షన్ ఇచ్చిన చేతిజ్ఞాపకం మొద్దుబారకుండా రోగ్‌లైక్ చూసుకుంటోంది. రోగ్‌లైక్ ఉన్నదంతా లాక్కున్నప్పుడు, చేతిలో మిగిలేదొకటి ఉందన్న ధైర్యాన్ని యాక్షన్ ఇస్తోంది. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తోంది, ఒకదాని అతిని ఇంకొకటి అదుపు చేస్తోంది.

ఈ ఏర్పాటు తెలుగువాళ్లకు పరాయిది కాదు. మన దగ్గర దీనికి అవధానం ఉంది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు. సమస్య ఇచ్చేవారు ఒకరు, దత్తపది ఇచ్చేవారు ఒకరు, వర్ణన అడిగేవారు ఒకరు, మధ్యలో సంబంధం లేని మాటలతో దారి తప్పించే అప్రస్తుత ప్రసంగి ఒకరు. నిషిద్ధాక్షరి తీరు మరీ గట్టిది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత రాబోయే అక్షరం ఏమై ఉంటుందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. దారి మూసుకుపోయిన ప్రతిచోటా అవధాని వేరే దారి తీసి, ఛందస్సు చెడకుండా, అర్థం చెడకుండా పద్యం పూర్తిచేయాలి. ఏ పృచ్ఛకుడు ఏమడుగుతాడో ముందుగా తెలియదు. నిన్నటి సభలో చెప్పిన పద్యం ఇవాళ పనికిరాదు. మరి అవధాని దేన్ని నమ్ముకుని సభకు వస్తాడు? నడకను, ధారను, ధారణను. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఎన్నో సభలు గెలిచింది ఆ బలంతోనే.

రవీంద్రభారతిలోనో త్యాగరాయ గానసభలోనో ఒక అవధానం చూసి వచ్చిన మనిషికి రోగ్‌లైక్ ఆటను విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఆట పృచ్ఛకుడి స్థానంలో ఉంటుంది. అది ప్రతిసారీ కొత్త సమస్య ఇస్తుంది, మన దారి మూస్తుంది. మనం నమ్ముకోవాల్సింది నడకను. ఇలా చూసినప్పుడు ‘చచ్చిపోతే మొదటికి’ అన్న నియమం క్రూరంగా తోచదు. ఒక సభ ముగిసింది, ఇంకో సభ మొదలైంది. చెప్పిన పద్యం సభలోనే ఉండిపోతుంది, చెప్పగలిగే శక్తి కవి వెంట వస్తుంది. ‘కాంట్రా’ నాకు కంఠస్థం నేర్పితే, ‘అసుర’ అడుగుతున్నది ఆశువు. రెండూ విద్యలే. మన చదువులన్నీ మొదటిదాని చుట్టూ తిరుగుతున్న కాలంలో, పిల్లలు రెండోదాన్ని ఇష్టంగా వెతుక్కుంటూ పోవడం నాకు సంతోషం కలిగిస్తోంది. ఆటలు ఆడి చెడిపోతున్నారనే పెద్దవాళ్లు ఒకసారి పక్కన కూర్చుని, ఆ పిల్లలు ఏ రకం ఆట ఆడుతున్నారో చూస్తే మంచిది.

పొత్తులో మూడో పాలు పురాణం. ఆటగాడు ఇక్కడ అసురుడు, పగ తీర్చుకోవడానికి బయలుదేరినవాడు. అసురుణ్ణి నాయకుణ్ణి చేయడం కొందరికి సాహసంగా అనిపించవచ్చు. తెలుగు ప్రేక్షకుడికి అది ఎన్నాళ్లుగానో అలవాటు. ఎన్టీ రామారావు 1958లో ‘భూకైలాస్’లో రావణుడు. దర్శకుడిగా తన మొదటి సినిమా 1961లో ‘సీతారామ కల్యాణం’ తీసినప్పుడు తనకోసం ఎంచుకున్న పాత్ర కూడా రావణుడే. 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో కృష్ణుడితో పాటు కర్ణుడూ దుర్యోధనుడూ ఆయనే. ఆ దుర్యోధనుడి వాక్కు విని చప్పట్లు కొట్టని తెలుగువాడు అరుదు. అంతకు చాలా ముందే పోతన భాగవతంలో బలిచక్రవర్తి ఉన్నాడు. వచ్చినవాడు ఎవరో గురువు శుక్రాచార్యుడు విప్పి చెప్పినా, ఇచ్చిన మాట తప్పనన్న అసురుడు. ఆ ఘట్టం చదివిన వాళ్ల మనసు ఎవరి పక్షాన నిలుస్తుందో చెప్పక్కర్లేదు.

కానీ ఆ అసురులందరినీ మన వాళ్లను చేసింది వాళ్ల మాట. రావణుడి భక్తి, దుర్యోధనుడి అభిమానం, బలి నియమం, అన్నీ మాటల్లోనే మనకు అందాయి. ఇక్కడే ఈ తరహా ఆటలన్నిటికీ ఒక చిక్కు ఉంది. మాటకు తీరిక కావాలి. నిమిషానికొకసారి ప్రాణం మీదికి వచ్చే ఆటలో తీరిక ఎక్కడిది? చచ్చి మొదటికి వచ్చిన ప్రతిసారీ అదే కథ మళ్లీ చెబితే ఎవరు వింటారు? నా తొలి గంటల్లో అసురుడి కోపం కత్తిలో చాలా బాగా వినిపించింది. ఆ కోపం వెనక ఉన్న మనిషిని నేను ఇంకా తెలుసుకోవాలనుకుంటున్నాను. ఈ కోరిక ఆటను తగ్గించే మాట కాదు. కత్తి అంత నమ్మకంగా తగలబట్టే కత్తి పట్టినవాడి మీద నాకు ఆసక్తి పుట్టింది.

ఈ చిక్కు విప్పవచ్చని 2020లో ‘హేడీస్’ చూపించింది. అమెరికాలోని సూపర్‌జెయింట్ గేమ్స్ చేసిన ఆ ఆటలో గ్రీకు పాతాళరాజు కొడుకు ఇంట్లోంచి పారిపోవడానికి ప్రయత్నిస్తూ, చచ్చిన ప్రతిసారీ తిరిగి ఇంటికే వస్తాడు. వచ్చినప్పుడల్లా ఇంట్లో వాళ్లు కొత్త మాటలు మాట్లాడతారు. తండ్రి ఒక పుల్లవిరుపు మాట అంటాడు, పెంచిన తల్లి ఒక ధైర్యపు మాట చెబుతుంది. చావు కథకు అడ్డం కాలేదు, కథ ముందుకు సాగే మెట్టయింది. ఆ ఆటకు 2021లో హ్యూగో పురస్కారం దక్కింది, అది కల్పనా సాహిత్యానికి ఇచ్చే పురస్కారాల్లో ప్రసిద్ధమైనది. ఇంకో ముఖ్యమైన విషయం, పూర్తి రూపం రావడానికి దాదాపు రెండేళ్ల ముందే, 2018 డిసెంబరులో, సగం కట్టిన ఇంటిలాంటి దశలోనే దాన్ని ఆటగాళ్ల చేతికి ఇచ్చారు. వాళ్ల తొలి అభిప్రాయాలు వింటూ కట్టుకుంటూ పోయారు. తొలి అభిప్రాయం వట్టి ముచ్చట కాదని, ఆటను తయారుచేసే పనిలో అదీ ఒక భాగమని దీన్నిబట్టి తెలుస్తుంది.

గ్రీకు పాతాళం కథను అంత శ్రద్ధగా చెప్పగలిగినప్పుడు, మన పాతాళం కథను హైదరాబాద్ ఎందుకు చెప్పలేదు? సుతలంలో బలి ఉన్నాడు. చనిపోయినవాణ్ణి బతికించే సంజీవనీ విద్య శుక్రాచార్యుడి దగ్గర ఉంది. పడిపోయిన అసురుడు మళ్లీ లేచి యుద్ధానికి పోవడం మన పురాణంలో ఉన్న మాటే, ఆట కోసం కొత్తగా కల్పించాల్సిన పని లేదు. రోగ్‌లైక్ నియమానికి ఇంతకంటే సహజమైన కథ ప్రపంచంలో ఇంకెక్కడ దొరుకుతుంది? బతికించిన ప్రతిసారీ శుక్రుడు శిష్యుడితో ఏం మాట్లాడతాడు? ఎన్నిసార్లు లేపినా మళ్లీ యుద్ధానికే పోతున్నవాణ్ణి చూసి ఆ గురువు మనసు ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నలకు జవాబులు రాయగలిగిన రచయితలు తెలుగులో ఉన్నారు. ఆటలు చేయగలిగిన పిల్లలు అమీర్‌పేట హాస్టళ్లలో ఉన్నారు. వీళ్లూ వాళ్లూ ఒకచోట కూర్చోవాలి. ‘అసుర’ ఆ దారిలో మొదటి గట్టి అడుగు వేసిందని నా నమ్మకం.

అలా కూర్చోవాలంటే ఆటల గురించి తెలుగులో మాట్లాడుకునే అలవాటు పెరగాలి. సినిమా విడుదలైన మధ్యాహ్నానికే మన దగ్గర సమీక్షలు వస్తాయి. ఛాయాగ్రహణం, నేపథ్య సంగీతం, రెండో సగంలో సాగదీత అంటూ వాటికో పరిభాష కూడా స్థిరపడింది. కవిత్వానికి వ్యాఖ్యానాలున్నాయి. ఆట గురించి రాస్తే మాత్రం ఎంత డబ్బు వచ్చింది, ఎంతమంది దించుకున్నారు అన్న దగ్గర ఆగుతున్నాం. దెబ్బ ఎలా తగిలింది, ఓడిపోయినప్పుడు మనసుకు ఏమనిపించింది, రెండు తరహాల పొత్తు కుదిరిందా అన్న చర్చ రావాలి. ఆటలు చాలా త్వరగా కనుమరుగవుతాయి. కొత్త యంత్రాలు వస్తే పాత ఆట నడవదు, అమ్మే చోట తీసేస్తే దొరకదు. వాటి గురించి రాసింది ఒక్కటే నిలుస్తుంది.

మా ఎర్రమంజిల్ గుట్ట మీది ప్యాలెస్ సంగతే చూడండి. నవాబు ఫఖ్రుల్ ముల్క్ 19వ శతాబ్దంలో కట్టించుకున్న భవనం అది. 2019లో దాన్ని పడగొట్టి ఆ స్థలంలో కొత్త అసెంబ్లీ కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు నగరంలో చాలామంది అభ్యంతరం చెప్పారు, కోర్టుకు వెళ్లారు. ఆ సెప్టెంబరులోనే హైకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఆ భవనం ఎందుకు విలువైనదో అంతకుముందే ఎందరో చూసి, రాసి, ఫొటోలు తీసి పెట్టబట్టి మాట్లాడటానికి ఆధారం దొరికింది. రాయితో కట్టినదానికే అంత సాక్ష్యం కావాల్సి వస్తే, వెలుగుతో కట్టినదానికి ఇంకెంత కావాలి! ఈ నగరంలో పుట్టిన ఆటలను ఈ నగరం భాషల్లో నమోదు చేసుకోవడం మన పనే, ఇంకెవరో వచ్చి చేయరు.

మేనల్లుడికి ఇదే చెప్పాను. ఆడిన ప్రతి ఆట మీదా ఒక పేజీ రాయమని, తెలుగులోనే రాయమని, మొదటి రోజే రాయమని.

“గెలిచినంక రాస్తనే అత్తమ్మా,” అన్నాడు. “ఇంకా సగం గూడ పోలే, ఏం రాయాలె?”

“గెలిచాక నీకు భుజం కనిపించదురా. ఇప్పుడు కనిపిస్తోంది కదా, ఇప్పుడే రాయి.”

వాడు రాయడం మొదలుపెట్టాడు. ఏ గదిలో ఎందుకు తొందరపడ్డాడో, ఏ శక్తి దొరికితే చేయి ఎలా మారిందో, తను చేయబోయే ఆటలో దేన్ని వేరేలా చేస్తాడో రాస్తున్నాడు. కోర్సు మెటీరియల్‌లో లేని పాఠం అది. అమీర్‌పేటలో ఈ విద్య నేర్చుకుంటున్న ప్రతి పిల్లా పిల్లవాడూ ఇలా ఒక పేజీ రాస్తే, ఇక్కడి నుంచి వచ్చే తర్వాతి అసురుడికి పదునైన కత్తితో పాటు మంచి మాట కూడా దొరుకుతుంది.